అరవై రెండు శాతం దగ్గర

ఆరో నంబరు సెట్టు బాగానే ఉండేది.
గరగరలాడేది, నిజమే.
అయినా ఈ చివర అన్నమాట ఆ చివరికి చేర్చేది.
కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే గొంతు తేటపడుతుందని
ఎవడో అన్నాడు, నేను విన్నాను.
కొరివితో తల గోక్కోవడం అంటే
వడపళనిలో, మిక్సీ రిపేరు షాపు పైగదిలో,
రాత్రి పదకొండున్నరకి,
తెల్లారి పెళ్లిలో వంటవాళ్లకి అద్దెకివ్వాల్సిన వాకీటాకీని
లాప్‌టాప్‌కి తగిలించడం.

నీలం గీత పాకింది.
ముప్ఫై. నలభై ఐదు. అరవై రెండు.
కింద ఎవరో నీళ్ల మోటారు వేశారు.
ట్యూబులైటు ఒకసారి కన్ను మూసి తెరిచింది.
బ్యాటరీ చచ్చి, ప్లగ్గు మీదే బతుకుతున్న లాప్‌టాప్
మూసిన కన్ను తెరవలేదు.

సెట్టు చేతిలోకి తీసుకుని మీట తిప్పాను.
టిక్కుమంది, అంతే.
వెలుగు లేదు, పలుకు లేదు,
ఆ దిక్కుమాలిన గరగరైనా లేదు.
లోపల పాత బుద్ధి చెరిగిపోయి
కొత్త బుద్ధి సగమే చేరి
తానొక రేడియోనన్న సంగతే మరిచిపోయింది.
పావుకిలో ఇటుక.

ఎతిరాజులు మావయ్యకి ఫోన్ చేద్దామనుకున్నాను.
'పలికేదాన్ని ఎందుకమ్మా కెలికావు' అంటాడు,
ఆపైన ఒక్క మాట అనడు.
ఆ అనకపోవడానికి భయపడి ఫోను బోర్లించాను.

గోడ పక్కన చాప మీద జాకీర్
కళ్లు తెరవకుండానే గొణిగాడు:
'అక్కా, రెండు బొత్తాలూ కలిపి నొక్కి తిప్పు.'

మాట్లాడే బొత్తం ఒకటి, దాని పైనున్నది ఇంకోటి.
ఎడమచేతి వేళ్లతో రెండూ బిగబట్టి, కుడిచేత్తో మీట.
కాదు.
మళ్లీ. కాదు.
ఎన్నోసారో, వేళ్లు తిమ్మిరెక్కాక,
నెత్తి మీద ఆవగింజంత దీపం
ఎరుపు, పచ్చ, ఎరుపు, పచ్చ.
తెర చీకటే.
ఆసుపత్రిలో వంగి చెవిలో అడుగుతారే,
వినపడితే రెప్ప కొట్టమని,
అలా కొడుతోంది.

ఈసారి పాతదే ఎక్కించాను.
తేట గొంతు మీద ఆశ అరవై రెండు దగ్గరే రాలిపోయింది.
కేబుల్ కదలకుండా దాని మీద కత్తెర,
కత్తెర మీద నా మోచెయ్యి.
మోటారు జోలికి పోవద్దని కిందికి పోయి బతిమాలి వచ్చాను.
గీతని చూడకుండా ఫ్యాను రెక్కకి పట్టిన దుమ్ము చూశాను.
అరవై రెండు దాటేటప్పుడు మాత్రం
ఆగలేక చూశాను.

కూత పెట్టింది. లేచింది.
లేచింది గానీ ఎవరూ గుర్తులేరు దానికి.
పదహారు ఛానెళ్లూ ఖాళీ.
పొయ్యి, పందిరి, వడ్డన, గేటు...
మావయ్య పెట్టిన పేర్లు ఒక్కటీ మిగల్లేదు.
ఆయన చిట్టా పుస్తకం తీశాను.
వాలుగా పడుకున్న అంకెలు, అన్నీ ఉన్నాయి.
పొయ్యి దగ్గర మాత్రం సాంబారు మరక.
చివరి అంకె మూడో ఎనిమిదో తేలదు.

ఎనిమిది కొట్టాను.
'ఇరక్కు... ఇరక్కు... కొంజం...'
మెట్రో పనిలో, క్రేన్ కింద ఎవరో,
రాత్రి రెండున్నరప్పుడు
నేను చూడలేని బరువు దేన్నో
వేలెడు వేలెడుగా నేలకి దింపుతున్నారు.
నా ఛానెల్ కాదు.
అయినా దిగేదాకా విన్నాను.
'పోదుం' అన్నాక ఊపిరి వదిలి
మూడుకి మార్చాను.

గరగర.
అదే. మా గరగరే.
అందులోంచి మండపంలో వంటమేస్త్రి మంగాపతి.
ఒకటో నంబరు సెట్టు సాయంత్రమే పట్టుకుపోయాడు,
అవతల ఎవరూ లేరని తెలిసీ పిలుస్తున్నాడు:
'పాలొచ్చాయా? ఎవరన్నా ఉన్నారా? పాలు, పాలు...'

పాల సంగతి నాకేం తెలుసు?
బొత్తం నొక్కాను.
'ఉన్నాను.'

కాసేపు ఏమీ లేదు. గిన్నె మోత.
'ఎవరూ?'

'ఆరో నంబరు.'

'ఓ, నువ్వా.
ఏంటమ్మా ఆ గరగర,
ఎవరికన్నా చూపించకూడదూ?'